పాత శాంప్లింగ్ కీబోర్డు మొరాయిస్తే: కరెంటు నుంచి కీల దాకా లోపం పట్టుకునే వరుస

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో 1980లనాటి శాంప్లింగ్ కీబోర్డులు ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాయి. కువైట్‌కు వెళ్లి వచ్చినవారి సామాను వెంట వచ్చినవి కొన్ని, ఆర్కెస్ట్రా పార్టీలు చేతులు మార్చుకున్నవి కొన్ని, చర్చి వేదిక పక్కన గుడ్డ కప్పుకుని ఉన్నవి మరికొన్ని. అసలు వాయిద్యం ధ్వనిని అంకెలుగా మార్చి మెమొరీలో నింపుకుని, ఆ ధ్వనినే కీలన్నిటి మీదా వేర్వేరు శ్రుతుల్లో పలికించడం ఈ యంత్రాల పని. ఎన్సోనిక్ మిరాజ్, 1987లో వచ్చిన కాసియో ఎఫ్‌జెడ్-1, 1988లో వచ్చిన ఎన్సోనిక్ ఈపీఎస్, 1989లో వచ్చిన రోలాండ్ డబ్ల్యూ-30 ఈ కోవలోవి. ఇవి మొరాయించినప్పుడు రిపేరు దుకాణంలో తరచుగా వినిపించే మాట ‘బోర్డు పోయింది, పార్టు దొరకదు’ అనేది. ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే. అసలు లోపం ఎక్కువగా కరెంటు భాగంలోనో, కనెక్టర్లలోనో, ఫ్లాపీ డ్రైవ్‌లోనో, కీల కాంటాక్టుల్లోనో ఉంటుంది. ఐసీల వంతు చివరిది. కింద చెప్పిన వరుస ఆ అంచనా మీదనే నిలబడింది కనుక దశలను ముందువెనుకలు చేయకుండా సాగడం మంచిది.

విప్పే ముందు తేల్చుకోవలసినవి

ముందుగా వాయించేవారిని అడిగి తెలుసుకోవలసింది లోపం ఎప్పటి నుంచి ఉందన్నది కాదు, దేని తర్వాత వచ్చిందన్నది. పిడుగు పడిన రాత్రి తర్వాతనా, ఆటోలోనో ట్రాక్టరులోనో వేసుకుని ఊరు వెళ్లివచ్చిన తర్వాతనా, అడాప్టర్ మార్చిన తర్వాతనా, ఏళ్ల తరబడి అటక మీద పెట్టి దించిన తర్వాతనా అన్నదాన్ని బట్టి వెతకవలసిన చోటు మారిపోతుంది. ప్రయాణం తర్వాత వచ్చిన లోపం సాధారణంగా కనెక్టరుదో విరిగిన సోల్డరుదో అయి ఉంటుంది. పిడుగు తర్వాత వచ్చినది ఫ్యూజు, బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే భాగం), రెగ్యులేటరు (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) వైపు చూపిస్తుంది.

వెనుక ప్లేటు మీద ముద్రించిన వోల్టేజీని తప్పనిసరిగా చదవాలి. జపాను మార్కెట్టు కోసం చేసిన యంత్రం 100 వోల్టులది, అమెరికా మార్కెట్టుది 120 వోల్టులది. వాటిని మన 230 వోల్టుల సాకెట్టుకు నేరుగా తగిలిస్తే మొదటి క్షణంలోనే ట్రాన్స్‌ఫార్మరో ఫ్యూజో బలవుతుంది. కువైట్‌లో వాడిన యంత్రానికి ఆ బెడద తక్కువ, అక్కడి కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్ కనుక. అయినా అక్కడ స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుని వాడిన అమెరికా సెట్టు ఆ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఊరు చేరి ఉండవచ్చు కాబట్టి, నోటిమాటను కాక ప్లేటును నమ్మాలి. చిన్న కాసియో ఎస్‌కే-1 వంటి అడాప్టర్ యంత్రాల్లో ప్లగ్గు నడిమి పిన్ను మైనస్ అయి ఉంటుంది. బజారులో దొరికే మామూలు అడాప్టర్లలో నడిమి పిన్ను ప్లస్. ఈ ఒక్క తేడా వల్ల పాడైన చిన్న కీబోర్డులు చాలా ఉన్నాయి.

లోపం కానిదాన్ని లోపమని అనుకోవడం కూడా మామూలే. మిరాజ్, ఈపీఎస్, డబ్ల్యూ-30 వంటివి తమ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఫ్లాపీ నుంచి తీసుకుంటాయి. డిస్కు పెట్టకుండా ఆన్ చేస్తే అవి పలకవు, డిస్కు పెట్టమని అడుగుతూ కూర్చుంటాయి. అలాగే ఆపగానే మెమొరీలోని ధ్వని తుడిచిపెట్టుకుపోవడం కూడా వాటి సహజ లక్షణమే. ‘ఆపి ఆన్ చేస్తే టోన్లు పోతున్నాయి’ అన్న ఫిర్యాదుకు మందు సోల్డరింగ్ ఐరన్ కాదు, ఆపే ముందు డిస్కులో సేవ్ చేసుకోవడం.

జాగ్రత్తలు

ప్లగ్గు తీసిన తర్వాత కూడా స్విచింగ్ పవర్ సప్లై (పెద్ద ట్రాన్స్‌ఫార్మరు లేకుండా మెయిన్ కరెంటును నేరుగా డీసీ చేసుకునే రకం) ఉన్న యంత్రంలో ప్రాణాపాయం మిగిలే ఉంటుంది. 230 వోల్టుల ఏసీని నేరుగా రెక్టిఫై చేస్తే పెద్ద కెపాసిటరు మీద దాదాపు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. 2.2 కిలో ఓమ్, 10 వాట్ వైరువౌండ్ రెసిస్టరు కాళ్లకు ఇన్సులేషన్ ఉన్న తీగలు వేసుకుని, ఆ కెపాసిటరు కొసలకు కొన్ని సెకన్లు ఆనించి, తర్వాత మీటరుతో సున్నా అయిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవాలి.

రాయలసీమ వేసవిలో గాలి ఎంత పొడిగా ఉంటుందో అందరికీ తెలుసు. ఆ పొడి గాలిలో టెర్లిన్ చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీ నుంచి లేచిన చేతిలో పోగయ్యే స్టాటిక్ కరెంటు, మెమొరీ ఐసీని చప్పుడు లేకుండా చంపగలదు. 1 మెగా ఓమ్ రెసిస్టరు ఉన్న రిస్ట్‌బ్యాండ్ కట్టుకుని దాన్ని ఎర్తుకు కలుపుకోవాలి. అయితే కరెంటు ఉన్న పవర్ సప్లైని కొలిచేటప్పుడు మాత్రం దాన్ని విప్పేయాలి. అప్పుడు ఒళ్లు ఎర్తుకు కలిసి ఉండటం మంచిది కాదు. విప్పిన ప్రతి కేబులునూ తీయకముందే ఫోనుతో ఫొటో తీసుకోవడం, స్క్రూలను ఏ వరుసవి ఆ వరుసలో మూతల్లో వేసుకోవడం చెప్పనవసరం లేని విషయాలు.

మూత తెరవగానే కనిపించేది ముందు దుమ్మే. బేతంచెర్ల వైపు నాపరాయి కోసే, పాలిష్ చేసే చోట్లకు దగ్గరగా ఉన్న ఇళ్లలోని యంత్రాల్లో అది తెల్లటి పిండిలా పేరుకుని ఉంటుంది. రాతి పొడి కరెంటును పారనివ్వదు కాబట్టి షార్ట్ చేయదు గానీ, స్లైడర్లలోనూ డ్రైవ్ పట్టాల మీదా చేరితే గరుకు కాగితంలా అరగదీస్తుంది. మెత్తటి పెయింట్ బ్రష్షుతో కదిలిస్తూ వ్యాక్యూమ్‌తో బయటికి లాగాలి. బ్లోయరుతో ఊదితే ఆ పొడి సరిగ్గా వెళ్లకూడని చోటికే వెళ్తుంది. బల్లి గుడ్లు, చీమల పుట్టలు కూడా దొరుకుతుంటాయి. చీమలు చేరిన చోట రాగి గీతలు పచ్చబడి ఉన్నాయేమో భూతద్దంతో చూడాలి.

సిరీస్ బల్బుతో మొదటి ఆన్

ఏళ్ల తరబడి పడి ఉన్న యంత్రాన్ని నేరుగా సాకెట్టుకు తగిలించకూడదు. మన టెక్నీషియన్ల దగ్గర ఎప్పుడూ ఉండే సిరీస్ బోర్డు దీనికి చాలు: ఫేజు తీగలో 60 వాట్ల పాత తరహా ఫిలమెంటు బల్బు ఉండాలి, ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి వెంటనే మసకబారితే కెపాసిటర్లు నిండాయని అర్థం. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, అప్పుడు బ్రిడ్జి రెక్టిఫయరు, ఫిల్టర్ కెపాసిటరు, ట్రాన్స్‌ఫార్మరు వరుసలో చూడాలి. అసలు వెలగకపోతే ఫ్యూజు, స్విచ్చు, పవర్ కార్డు. స్విచింగ్ సప్లై ఉన్న యంత్రంలో బల్బు వెలుగుతూ ఆరుతూ ఉండవచ్చు, దాన్ని షార్ట్ అని పొరబడకూడదు. ఆ సప్లైకి చాలినంత వోల్టేజీ అందక మళ్లీమళ్లీ మొదలవుతోందంతే. షార్ట్ లేదని తేలాక బల్బును తప్పించి నేరుగా కలపాలి, ఎందుకంటే సిరీస్ బల్బు మీద కొలిచిన వోల్టేజీలకు విలువ లేదు.

కరెంటు భాగం

ఈ యంత్రాల్లో సగానికి పైగా వింత లోపాలకు మూలం ఇక్కడే ఉంటుందని నా అభిప్రాయం. డిస్ప్లేలో పిచ్చి అక్షరాలు, మధ్యమధ్య ఆగిపోవడం, డిస్కు చదువుతూ చదువుతూ ఎర్రర్ చూపడం, వేడెక్కాక మాత్రమే వచ్చే తప్పులు: వీటిలో ఏదైనా ఉంటే ఐసీల జోలికి పోకముందు మీటరు తీయాలి.

డిజిటల్ ఐసీలకు 5 వోల్టులు కావాలి, అది 4.75కు తగ్గకూడదు, 5.25ను దాటకూడదు. ధ్వని భాగంలోని ఆప్-ఆంప్‌లకు (ధ్వని సంకేతాన్ని పెంచే ఐసీలకు) ప్లస్ 12, మైనస్ 12 గానీ, ప్లస్ 15, మైనస్ 15 గానీ ఉంటాయి. రెండువైపులా దాదాపు సమానంగా ఉండాలి. చాలామంది ఈ కొలతను పవర్ సప్లై బోర్డు మీదనే తీసి సరిపెట్టుకుంటారు. అక్కడ 5.05 చూపించి, మెయిన్ బోర్డు చివర ఉన్న ఐసీ కాళ్ల మీద 4.6 చూపించే యంత్రాలు ఉన్నాయి. కడపలో ఒక ప్రార్థనా మందిరం నుంచి ‘మదర్‌బోర్డు పోయింది’ అన్న తీర్పుతో నా దగ్గరికి వచ్చిన యంత్రంలో సప్లై నుంచి బోర్డుకు వెళ్లే తెల్ల ప్లాస్టిక్ కనెక్టరు ఒక్క పిన్ను చుట్టూ మాత్రమే టీ రంగుకు తిరిగి ఉంది. 5 వోల్టుల తీగ వచ్చేది ఆ పిన్నుకే. పిన్ను బిగువు తగ్గి, వేడెక్కి, ఆ వేడికి ఇంకా వదులై, అర వోల్టు అక్కడే కరిగిపోతోంది. కొత్త టెర్మినల్ వేసి, బోర్డు వైపు పిన్నుకు మళ్లీ సీసం పోయడంతో ఆ మదర్‌బోర్డు బాగైపోయింది. కాబట్టి కొలత మూడు చోట్ల తీయాలి: సప్లై మీద, మెయిన్ బోర్డులో దూరంగా ఉన్న ఐసీ మీద, డ్రైవ్ కనెక్టరు మీద. డ్రైవ్ తిరిగేటప్పుడు మళ్లీ ఒకసారి చూడాలి, మోటారు లాగే కరెంటుతో వోల్టేజీ కుంగితే బలహీనత బయటపడేది అప్పుడే.

ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జి, పెద్ద కెపాసిటరు, 7805 రెగ్యులేటరు ఉన్న పాత పద్ధతి సప్లైలో లెక్క సులువు. 7805కు ఇన్‌పుట్ ఎప్పుడూ 7 వోల్టులకు తగ్గకూడదు. బ్రిడ్జి తర్వాత కరెంటు సెకనుకు 100 సార్లు లేచి పడుతుంటుంది. 1 ఆంపియరు లాగే యంత్రంలో 4,700 మైక్రోఫారడ్ కెపాసిటరు ఉంటే ఆ ఎగుడుదిగుడు 2 వోల్టుల లోపలే ఉంటుంది. అదే కెపాసిటరు ఎండిపోయి 1,000 మైక్రోఫారడ్‌కు దిగితే లోయలు 7 వోల్టుల కిందికి జారి, సెకనుకు 100 సార్లు రెగ్యులేటరు చేతులెత్తేస్తుంది. మీటరు మాత్రం సగటు చూపిస్తుంది కనుక 4.9 అని చెప్పి మనల్ని నమ్మిస్తుంది. అందుకే ఏసీ రేంజిలో కూడా కొలవాలి. చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపి చూపిస్తాయి. ఎర్ర ప్రోబుకు 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటరును వరుసగా పెట్టి కొలిస్తే డీసీ ఆగిపోయి రిపుల్, అంటే ఆ ఎగుడుదిగుడు మాత్రమే కనిపిస్తుంది. 5 వోల్టుల లైను మీద అది కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి, 50 దాటితే ఫిల్టర్ కెపాసిటరును అనుమానించాల్సిందే.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపలి ద్రవం వేడికి ఆరిపోతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది తయారీదారులంతా చెప్పే సూత్రం. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు దాటే కర్నూలులో, మూసిన పెట్టె లోపల, రెగ్యులేటరు హీట్‌సింక్ పక్కన కూర్చున్న కెపాసిటరు పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. అందువల్ల మార్చేటప్పుడు 85 డిగ్రీలది కాక 105 డిగ్రీలది వేయాలి. వోల్టేజీ సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, గీత ఉన్న కాలు మైనస్ అని గుర్తుంచుకోవాలి. స్విచింగ్ సప్లైలో అయితే లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) రకం తప్పనిసరి. ఇవి కొనడానికి కర్నూలు వారికి హైదరాబాదు కోఠీ, అనంతపురం వారికి బెంగళూరు ఎస్‌పీ రోడ్డు దగ్గర. ఎక్కడ కొన్నా మరీ చవకగా వచ్చే పేరున్న కంపెనీ కెపాసిటరును బిగించే ముందు మీటరు మీద పెట్టి చూసుకోవాలి, నకిలీలు బాగా తిరుగుతున్నాయి.

7805ను మార్చేటప్పుడు హీట్‌సింక్ మధ్య పాత తెల్ల పేస్టు గట్టిపడి ఉంటుంది. దాన్ని పూర్తిగా గీకి తీసి కొత్తది పలుచగా రాయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడుతుందన్న అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, మందమైన పేస్టు వేడిని ఆపుతుందే తప్ప పంపదు.

కనెక్టర్లు, సాకెట్లు, డ్రై సోల్డర్

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి కూడా లోపం పోకపోతే, ప్లగ్గు తీసేసి ప్రతి రిబ్బన్ కేబులునూ ఊడదీసి మళ్లీ పెట్టాలి. సాకెట్లో ఉన్న ప్రతి ఐసీనీ రెండు చివర్లా కొద్దికొద్దిగా లేపి మళ్లీ నొక్కాలి. ఇంత చిన్న పనితో బతికిన యంత్రాలు చాలా ఉన్నాయి, కాళ్ల మీద పేరుకున్న ఆక్సైడు పొర ఆ రాపిడికి తెగిపోతుంది. వాటిని తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తప్ప మరేదీ వాడకూడదు. పెట్రోలు, థిన్నరు మన దగ్గర చేతికి అందేవే గానీ, థిన్నరు ప్లాస్టిక్ కీలనూ కనెక్టర్లనూ కరిగిస్తుంది.

తర్వాత బోర్డును తిరగేసి, పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని సోల్డరు చుక్కలను చూడాలి. కాలు చుట్టూ సన్నని నల్లటి వలయం కనిపిస్తే అది డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన సీసం. రోజూ ప్లగ్గులు గుచ్చి లాగే ఔట్‌పుట్ జాకులు, మిడి సాకెట్లు, పెడల్ జాకులు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు కాళ్లు, వేడెక్కే రెగ్యులేటర్లు: ముందు వీటిని చూడాలి. పాత సీసాన్ని సక్కర్‌తో లాగేసి, ఫ్లక్స్ వేసి, తగరం 63, సీసం 37 పాళ్ల తీగతో మళ్లీ పోయాలి. అది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది కాబట్టి చల్లారేటప్పుడు కదిలి చెడిపోయే అవకాశం తక్కువ.

బోర్డు మీద రీచార్జబుల్ నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటే, లోపం ఉన్నా లేకున్నా దాన్ని తీసేయాలి. కారిన ద్రవం క్షారం కనుక, తెల్ల వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, డిస్టిల్డ్ నీటితో కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి.

ఫ్లాపీ: డిస్కా, డ్రైవా

ఈ దశకు ఓపిక కావాలి. ఒక డిస్కు చదవకపోతే డ్రైవ్ పోయిందని అనుకోకూడదు. కనీసం మూడు డిస్కులతో పరీక్షించాలి. పెట్టే ముందు లోహపు తలుపును పక్కకు జరిపి, డిస్కును వేలితో తిప్పుతూ నల్లటి ఉపరితలం మొత్తం చూడాలి. మచ్చలు, బూజు, వలయాకారపు గీతలు కనిపిస్తే దాన్ని డ్రైవ్‌లో పెట్టవద్దు, ఎందుకంటే ఆ మురికి హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి డిస్కును కూడా గీకేస్తుంది. స్పీకరు పెట్టెల మీద డిస్కులు పెట్టే అలవాటు ఆర్కెస్ట్రా వారిలో ఉంది. అయస్కాంతం పక్కన పెట్టిన డిస్కులో ఏమీ మిగలకపోతే అది డ్రైవ్ తప్పు కాదు.

డిస్కు రకాన్ని కూడా గమనించాలి. మిరాజ్, ఈపీఎస్, డబ్ల్యూ-30లకు కావలసింది డబుల్ డెన్సిటీ డిస్కు; దానికి ఒకవైపు మాత్రమే చదరపు రంధ్రం ఉంటుంది. రెండు మూలలా రంధ్రాలున్నది 1.44 మెగాబైట్ల హై డెన్సిటీ. రెండో రంధ్రానికి టేపు అంటించి వాడటం తాత్కాలికంగా పనిచేసినట్టే కనిపిస్తుంది. కానీ ఆ అయస్కాంత పూతకు ఎక్కువ బలమైన రాత కావాలి కాబట్టి కొన్నాళ్లకు డేటా చెదిరిపోతుంది. విలువైన ధ్వనులను అలా దాచుకోవద్దు.

డ్రైవ్‌ను ముట్టుకోకముందే ఉన్న డిస్కులకు నకలు తీసుకోవాలి. రోలాండ్ డబ్ల్యూ-30 డిస్కు 80 ట్రాకులు, ట్రాకుకు 512 బైట్ల 9 సెక్టార్లు ఉన్న 720 కిలోబైట్ల రకం. పాత కంప్యూటరు ఫ్లాపీ డ్రైవ్ దాన్ని చదవగలదు. ఈపీఎస్ ట్రాకుకు 10 సెక్టార్లు రాసి 800 కిలోబైట్లు నింపుతుంది. మిరాజ్ ఒక్కవైపే రాస్తూ, ట్రాకుకు 1,024 బైట్ల సెక్టార్లు 5, 512 బైట్లది 1 పెడుతుంది. ఈ రెండిటినీ బజారులోని యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చదవలేదు, అది మామూలు కంప్యూటరు ఫార్మాట్లకే పరిమితం. డిస్కు మీది అయస్కాంత మార్పులను ఉన్నవి ఉన్నట్టుగా పట్టుకునే గ్రీస్‌వీజిల్ వంటి చిన్న బోర్డు, ఒక పాత కంప్యూటరు డ్రైవ్ ఉంటే ఏ ఫార్మాట్ అయినా నకలు తీయవచ్చు.

ఇక డ్రైవ్ శుభ్రం. పై హెడ్‌ను సన్నని స్ప్రింగు పట్టుకుని ఉంటుంది, దాన్ని అవసరమైనంతకు మించి పైకి లేపితే వంగిపోయి ఇక దేనికీ పనికిరాదు. ఆల్కహాల్‌లో తడిపిన, పోగులు రాలని గుడ్డ పట్టీని రెండు హెడ్‌ల మధ్య మెల్లగా జార్చి, మరక రానంతవరకు పట్టీ మారుస్తూ తుడవాలి. హెడ్ జరిగే ఉక్కు కడ్డీ మీద పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటే హెడ్ చివరి ట్రాకులకు చేరలేదు. మొదట్లో చదివి మధ్యలో ఆగే డ్రైవ్‌లో ముందు చూడవలసింది ఇదే. పాతది పూర్తిగా తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. సున్నా ట్రాకును గుర్తించే కాంతి సెన్సారు దుమ్ముతో మూసుకుపోతే హెడ్ ‘టకటక’మని గోడకు కొట్టుకుంటూ ఉంటుంది. డిస్కు నిమిషానికి 300 సార్లు తిరగాలి, అంటే ఒక చుట్టుకు 200 మిల్లీసెకన్లు. రోలాండ్ ఎస్-10లోని క్విక్ డిస్క్ వంటి బెల్టు డ్రైవ్‌లలో రబ్బరు బెల్టు కరిగి తారులా పుల్లీలకు అంటుకుని ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయనిదే కొత్త బెల్టు నిలవదు. డ్రైవ్ కింది బోర్డు మీది చిన్న కెపాసిటర్ల దగ్గర సోల్డరింగ్ ఐరన్ పెట్టగానే చేపల వాసన వస్తే అవి కారినట్టే.

డ్రైవ్ మార్చవలసి వస్తే, కంప్యూటరు డ్రైవ్‌ను తెచ్చి తగిలించగానే పని జరగదు. కంప్యూటరు డ్రైవ్‌లు 1వ నంబరు డ్రైవ్‌గా అమరి ఉంటాయి, శాంప్లర్లు ఎక్కువగా 0వ నంబరును పిలుస్తాయి. 34వ పిన్ను మీద కంప్యూటరుకు ‘డిస్కు మారింది’ అన్న సంకేతం కావాలి, శాంప్లరుకు ‘సిద్ధంగా ఉంది’ అన్న సంకేతం కావాలి. కంప్యూటరు కేబులులో మధ్యలో మెలి ఉంటుంది, శాంప్లరు కేబులు తిన్నగా ఉంటుంది. ఈ తిప్పలన్నీ వద్దనుకుంటే పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీగా నమ్మించే గోటెక్ పరికరంలో ఫ్లాష్‌ఫ్లాపీ సాఫ్ట్‌వేరు వేసి, ఇంటర్‌ఫేసును షుగార్ట్‌గా, హోస్టును ఎన్సోనిక్ వంటి సరైన పేరుతో అమర్చుకోవచ్చు. ఊరూరా తిరిగే యంత్రానికి నేనైతే దీన్నే సూచిస్తాను. అసలు డ్రైవ్‌ను మాత్రం పారేయకుండా దాచిపెట్టాలి.

కీలు

కీలను ఒక్కొక్క తీగ చొప్పున కాక వరుసలు, నిలువులుగా అమర్చి యంత్రం చదువుతుంది. 61 కీలకు సాధారణంగా 8 వరుసలు, 8 నిలువులు సరిపోతాయి. కాబట్టి ఏ కీలు పలకడం లేదో కాగితం మీద రాసుకుంటే చాలావరకు రోగం తెలిసిపోతుంది. ఒక్కటే పలకకపోతే దాని కాంటాక్టు మురికి. వరుసగా 8 కీలు గానీ, ప్రతి 8వ కీ గానీ పోతే ఒక తీగో, రిబ్బన్ కేబులులో ఒక పిన్నో తెగింది, కీలు విప్పనవసరం లేదు.

ప్రతి కీ కింద రెండు కాంటాక్టులు ఉంటాయి. మొదటిది కలిసిన తర్వాత రెండోది కలవడానికి పట్టిన సమయాన్ని బట్టి యంత్రం ఎంత గట్టిగా నొక్కామో లెక్కిస్తుంది. ఒకటి మురికి పడితే, యంత్రాన్ని బట్టి కీ అసలు పలకదు, లేదా మెల్లగా తాకినా గట్టిగా అరుస్తుంది. రబ్బరు పట్టీలోని నల్లటి కార్బన్ బిళ్లలను గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. బోర్డు మీది కాంటాక్టు గీతలను ఆల్కహాల్‌తో తుడవాలి. పెన్సిల్ రబ్బరుతో గీకితే కార్బన్ పూత లేచిపోతుంది.

ఈపీఎస్ మాత్రం వేరు. దాని కీల కింద కాంటాక్టులు ఉండవు. ప్రతి కీ కదలికనూ తీగచుట్టల ద్వారా గుర్తించి, ప్రతి కీ ఒత్తిడినీ విడిగా కొలుస్తుంది. ఆన్ చేసిన వెంటనే అది తన కీలను తానే సరిచూసుకుంటుంది కాబట్టి ఆ సమయంలో కీల మీద చెయ్యి గానీ, పాటల పుస్తకం గానీ ఉండకూడదు. కాలిబ్రేషన్ ఎర్రర్ అన్న ఫిర్యాదుల్లో కొన్ని అక్కడితోనే తీరిపోతాయి.

ధ్వని

ముందు హెడ్‌ఫోను పెట్టి వినాలి, మిక్సరు తప్పు కీబోర్డు మీద పడకుండా. హమ్ లావుగా, 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఎర్తింగ్‌దో కేబులుదో; అంతకు రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటే వెనక్కి వెళ్లి ఫిల్టర్ కెపాసిటర్లు చూడాలి. హెడ్‌ఫోనులో లేని హమ్ పందిట్లో వస్తోందంటే కీబోర్డు ఒక సాకెట్టు మీద, ఆంప్లిఫయరు మరో సాకెట్టు మీద ఉన్నాయేమో చూడాలి. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనరు వేసి పలుమార్లు తిప్పితే చాలు.

మిరాజ్‌లో 8 వాయిస్‌లు (ఒకేసారి పలకగల స్వరాలు) ఉంటాయి, ప్రతి వాయిస్‌కూ తన సొంత అనలాగ్ ఫిల్టరు ఉంటుంది. 8 వేర్వేరు కీలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కి పట్టుకుంటూ పోతే, ఏదో ఒక వంతులో శబ్దం మొద్దుబారినా, పలచబడినా, అసలు రాకపోయినా ఆ ఒక్క వాయిస్ ఫిల్టరుదే లోపం. ఫిల్టరు ఐసీ సాకెట్లో ఉంటే పక్కదానితో మార్చి చూడాలి. లోపం ఐసీతో పాటు జరిగితే ఐసీ పోయింది, జరగకపోతే దాని చుట్టూ ఉన్న కెపాసిటర్లలోనో సోల్డరులోనో ఉంది. ఈపీఎస్‌లో ఫిల్టర్లు డిజిటల్ కాబట్టి అక్కడ ఈ పరీక్ష పనికిరాదు.

ఐసీల వంతు

ఇంతవరకు చేసినా యంత్రం లేవకపోతే అప్పుడు ఐసీలు. ప్రాసెసరు రీసెట్ కాలు మీద మీటరు పెట్టాలి. మిరాజ్‌లోని 6809 రకం ప్రాసెసరులో అది ఆన్ అయిన క్షణం సున్నాలో ఉండి, వెంటనే 5 వోల్టులకు లేవాలి. కిందే ఉండిపోతే లోపం రీసెట్ సర్క్యూట్‌లో ఉంది. క్రిస్టల్ పలుకుతోందో లేదో తెలియాలంటే ఆసిలోస్కోపు కావాలి.

మెమొరీ ఐసీ పోయినప్పుడు గుర్తు ఒకటుంది: వేర్వేరు ధ్వనులను లోడ్ చేసినా, అదే కీ ప్రాంతంలో, అదే క్షణంలో చిటపట వినిపిస్తుంది. ఏ ధ్వనిలోనైతే ఆ ధ్వనిలోనే ఉంటే అది డిస్కు లోపం. షార్ట్ అయిన ఐసీని పట్టుకోవడానికి బోర్డు మీద ఆల్కహాల్ పలుచగా పూసి, అప్పుడు ఆన్ చేసి, ఏ ఐసీ మీద ముందుగా ఆరుతుందో చూడాలి. ఇది 5 వోల్టుల బోర్డు మీద మాత్రమే, కరెంటు సప్లై దగ్గర కాదు. గాజు కిటికీ ఉన్న ఈప్రామ్‌ల (ప్రోగ్రాం నిలవ ఉండే ఐసీల) మీది స్టిక్కరును పీకవద్దు, ఎండ తగిలితే లోపలి ప్రోగ్రాం చెరిగిపోతుంది. వీలైతే ప్రోగ్రామరులో చదివి ఒక నకలు దాచుకోవాలి.

డిస్ప్లే వెనుక కాంతి మసకబారి సన్నగా కీచుమంటే అది ఈఎల్ ప్యానెల్ (ఏసీ ఇస్తే తానే వెలిగే పలుచటి షీటు), దాని ఇన్వర్టరు 100 వోల్టుల దరిదాపుల్లో ఏసీ ఇస్తుంది కాబట్టి చేతులు దూరంగా ఉంచాలి. దాని చోట ఎల్ఈడీ షీటు వేసుకోవచ్చు.

మూత వేసిన తర్వాత

మూత తీసి ఉంచి పరీక్షిస్తే సరిపోదు. స్క్రూలన్నీ బిగించి, ఫ్యాను గాలి తగలని చోట మూడు నాలుగు గంటలు ఆన్‌లో ఉంచాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక మరోసారి డిస్కు లోడ్ చేసి చూడాలి. వేడి మీద మాత్రమే చదవకపోతే మళ్లీ 5 వోల్టుల దగ్గరికే వెళ్లాలి. పందిట్లో వాయించే యంత్రమైతే, ఒక చివర కొద్దిగా లేపి వదిలి, శబ్దం తెగుతుందేమో కూడా చూడాలి.

యజమానికి అప్పగించేటప్పుడు ఇంటి ఇన్వర్టరు ఏ రకమో అడగాలి. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ట్రాన్స్‌ఫార్మరు గుంయ్‌మంటుంది, వేడెక్కుతుంది, హమ్ కూడా పెరుగుతుంది. సైన్ వేవ్ రకమైతే ఇబ్బంది లేదు. జాతరల్లో జనరేటరు మీద నడిపేవారు మధ్యలో ఒక స్టెబిలైజరు పెట్టుకుని, జనరేటరు స్టార్టు చేసేటప్పుడూ ఆపేటప్పుడూ కీబోర్డు ప్లగ్గు తీసి ఉంచాలి.